అమెరికాలో పాత డీజిల్ బెంజిని చారిటీకి ఇవ్వడం ఎలా?

మెర్సిడెస్ జీఎల్350 బ్లూటెక్, బీఎండబ్ల్యూ ఎక్స్5 35డీ, ఆడి క్యూ7 టీడీఐ. పది పన్నెండేళ్ళ కిందట మనవాళ్ళు చాలామంది ముచ్చటపడి కొన్న బండ్లివి. ఏడుగురు కూర్చోవచ్చు, లాంగ్ డ్రైవ్‌లో మైలేజీకి తిరుగులేదు, ఇంజిన్ మూడు లక్షల మైళ్ళు నడుస్తుందని అమ్మినవాడు భరోసా కూడా ఇచ్చాడు. ఇప్పుడు అదే బండి డ్రైవ్‌వేలో ఓ పక్కన పడి ఉంది. చెక్ ఇంజిన్ లైట్ ఆరదు. షాపుకు తీసుకెళ్తే ఎస్టిమేటు బండి ధరను దాటిపోతుంది. అమ్మకానికి పెడితే ఫోన్ చేసినవాళ్ళు డీజిల్ అనగానే చల్లబడిపోతారు. సరిగ్గా అప్పుడే రేడియోలో వినిపిస్తుంది: ‘మీ పాత కారు మాకివ్వండి, ఉచితంగా వచ్చి తీసుకెళ్తాం, టాక్స్ డిడక్షన్ కూడా పొందండి.’

ఇవ్వండి, మంచి పనే. కాకపోతే ఆ డిడక్షన్ (పన్ను లెక్కలో ఆదాయం నుంచి తీసేసే మొత్తం) అన్న మాట చూసి ఇవ్వాలనుకుంటే మాత్రం ముందు పది నిమిషాలు కూర్చుని లెక్క చూసుకోండి. చాలామందికి ఆ లెక్కలో వచ్చేది సున్నాకు దగ్గరే.

ముందు లెక్క

అందరూ తప్పుగా అనుకునేది ఒకటుంది. పాత కార్ల ధరలు చెప్పే కెల్లీ బ్లూ బుక్‌లో బండి విలువ 4,500 డాలర్లని కనిపిస్తే ఆ 4,500 డిడక్షన్‌గా వేసుకోవచ్చని. 2004 వరకు దాదాపు అలాగే నడిచింది. 2005 జనవరి నుంచి రూలు మారింది. చారిటీ మీ బండిని వాడకుండా, బాగు చేయకుండా నేరుగా అమ్మేస్తే, అది ఎంతకు అమ్ముడుపోయిందో అంతే మీ డిడక్షన్. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతున్న డీజిల్ బండి ఆక్షన్‌లో 1,100కు పోతే మీకు వచ్చేది 1,100. బ్లూ బుక్‌తో పని లేదు. 500 లేదా అంతకంటే తక్కువకు పోతే, 500 కానీ బండి మార్కెట్ విలువ కానీ, రెండింట్లో ఏది తక్కువైతే అది వేసుకోవచ్చు.

ఇందులో ఊరట ఒకటుంది. మధ్యలో టోయింగుకూ ఆక్షన్ ఫీజులకూ ఎంత పోయినా మీ డిడక్షన్ మాత్రం అమ్మిన మొత్తం ధర మీదే. చారిటీ చేతికి అందిన మిగులుతో దానికి సంబంధం లేదు.

రెండో మెట్టు: మీరు ఐటమైజ్ చేస్తారా, అంటే ఖర్చులూ విరాళాలూ విడివిడిగా చూపిస్తారా? వాటికి బదులు అందరికీ ఇచ్చే స్థిరమైన మొత్తం, అంటే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకు కారు దానం వల్ల ఫెడరల్ టాక్స్‌లో పైసా తగ్గదు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే ఈ స్టాండర్డ్ డిడక్షన్ 2025కు 31,500 డాలర్లు, 2026కు 32,200. ఇంటి లోను వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, స్టేట్ టాక్స్, విరాళాలు అన్నీ కలిపినా దాన్ని దాటకపోతే మీరు ఐటమైజ్ చేయనట్టే. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో సొంతిల్లు ఉన్నవాళ్ళు చాలామంది దాటుతారు, ముఖ్యంగా 2025 నుంచి రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితి 40,000కు పెంచాక. టెక్సస్‌లో లోను పెద్దగా మిగలని ఇల్లుంటే అనుమానమే. హెచ్1బీ మీద ఉండి రెసిడెంటుగా ఫైల్ చేసేవాళ్ళకూ ఇవే రూల్స్.

2026 నుంచి ఇంకో మెలిక వచ్చింది. ఐటమైజ్ చేసేవాళ్ళ విరాళాల్లో, ఆదాయంలో అరశాతం దాకా లెక్కలోకి రాదు. మీ ఇద్దరి సర్దుబాటు ఆదాయం 2,50,000 అనుకుందాం. అందులో అరశాతం 1,250. ఆ సంవత్సరం మీరిచ్చిన విరాళం ఈ 1,100 డాలర్ల కారు ఒక్కటే అయితే డిడక్షన్ సున్నా. గుడికో ఇంకో సంస్థకో ఇచ్చిన డబ్బు ఆ 1,250ని ఇప్పటికే దాటి ఉంటే, కారుకు వచ్చిన 1,100 మొత్తం లెక్కకొస్తుంది. 24 శాతం బ్రాకెట్‌లో ఉన్నవాళ్ళకు దాని వల్ల తగ్గే పన్ను 264 డాలర్లు. అంతే.

ఐటమైజ్ చేయనివాళ్ళకు కూడా 2026 నుంచి విరాళాల మీద ఒక్కరైతే 1,000, జంటకు 2,000 దాకా డిడక్షన్ ఇస్తున్నారు కదా అని మీరు అడగొచ్చు. నిజమే కానీ అది నగదు విరాళాలకే. కారుకు వర్తించదు.

కాబట్టి నేనైతే అందరికీ చెప్పేది ఇది. బండి ఇంకా నడుస్తూ ఉండి, 2,500కో 3,000కో కొనేవాడు దొరికితే, లోపాలన్నీ దాచకుండా చెప్పి అమ్మేసి ఆ డబ్బు చారిటీకి ఇవ్వండి. సంస్థకు ఆక్షన్ ఖర్చులు పోని మొత్తం డబ్బు అందుతుంది. మీరు పనిచేసే కంపెనీ నగదు విరాళానికి మ్యాచింగ్ (తనూ కొంత కలపడం) ఇస్తుంటే అదీ తోడవుతుంది. సొంత కారును కొన్న ధరకంటే తక్కువకు అమ్మితే ఎలాగూ లాభం లేదు కాబట్టి ఆ అమ్మకం మీద పన్ను కూడా ఉండదు. అమ్మే ఓపిక లేదు, కొనేవాళ్ళతో బేరాలు పడవు, బండి స్టార్టే కాదు అనుకుంటే మాత్రం దానంగా ఇవ్వడమే సుఖం. శనివారం పొద్దున్నే అపరిచితులు వచ్చి టైర్లు తన్ని చూసే తంతు తప్పుతుంది. దానికీ విలువ ఉంది.

డీజిల్ బండి సంగతి వేరు

పాత కామ్రీ ఇవ్వడానికీ పాత డీజిల్ జీఎల్ ఇవ్వడానికీ తేడా ఉంది. ఏం పాడయిందో తెలిస్తే ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో తేలుతుంది.

ఈ బండ్లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పొగ శుద్ధి చేసే సరంజామా. యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణాన్ని పొగలోకి చిమ్మి నైట్రోజన్ ఆక్సైడ్లను (నాక్స్) తగ్గించే ఏర్పాటు ఇందులో ఉంటుంది. దాని ట్యాంకులోని హీటరో, పొగగొట్టంలోని నాక్స్ సెన్సరో పాడయిందంటే డ్యాష్‌బోర్డు మీద కౌంట్‌డౌన్ మొదలవుతుంది: ఇన్ని మైళ్ళ తర్వాత బండి స్టార్ట్ కాదు అని. ఇంజిన్ నిక్షేపంగా ఉన్నా సరే, ఆ అంకె సున్నాకు వచ్చాక ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. దానం ఇవ్వాలనుకుంటే ఆ కౌంట్‌డౌన్ ఇంకా నడుస్తున్నప్పుడే ఇచ్చేయండి. ‘నడుస్తుంది’ అని రాసి ఉన్న బండికీ ‘స్టార్ట్ కాదు’ అని రాసి ఉన్న బండికీ ఆక్షన్‌లో చాలా తేడా పడుతుంది.

రెండోది పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు. హైవే మీద కొంతసేపు నిలకడగా పరిగెత్తితేనే ఆ మసి కాలిపోయి ఫిల్టరు శుభ్రపడుతుంది. మన బండ్లు తిరిగేదెక్కడ? పిల్లల కుమాన్ క్లాసు, ఇండియన్ గ్రోసరీ, గుడి. నాలుగేసి మైళ్ళ ప్రయాణాలతో ఫిల్టరు పూడుకుపోతుంది.

మెర్సిడెస్ మూడు లీటర్ల వీ6 డీజిల్‌లో మరో ప్రసిద్ధమైన జబ్బు ఆయిల్ కూలర్ సీళ్ళ నుంచి నూనె కారడం. సీళ్ళు చవకే. అవి ఉన్న చోటు మాత్రం ఇంజిన్ నడి లోయలో, టర్బో కింద. పైనున్నవన్నీ విప్పితే గానీ చేయి అందదు కాబట్టి లేబరే వేలల్లో అవుతుంది. అయితే ఇదే ఇంజిన్ స్ప్రింటర్ వ్యాన్లలోనూ వచ్చింది. అందుకే పార్టుల కోసం కొనేవాళ్ళుంటారు. బండి కదలకపోయినా ఎవరూ ముట్టుకోరని అనుకోకండి.

ఇవ్వడానికి ముందు ఒక్క ఫోన్ కాల్ మాత్రం తప్పకుండా చేయండి. 2009 నుంచి 2016 మోడల్ దాకా అమెరికాలో అమ్మిన మెర్సిడెస్ డీజిల్ బండ్ల మీద పొగ పరీక్షల విషయంలో కేసు నడిచి, 2020లో ప్రభుత్వంతో కంపెనీ రాజీ కుదుర్చుకుంది. ఆ ప్రకారం బండికి ఉచితంగా ఒక మార్పు చేసి, పొగకు సంబంధించిన పార్టుల మీద వారంటీ పొడిగించాలి. 2025 డిసెంబరులో రాష్ట్రాల అటార్నీ జనరళ్ళతో మరో ఒప్పందం ప్రకటించారు. దాని ప్రకారం ఇంకా ఆ మార్పు చేయించుకోని కొన్ని బండ్ల ఓనర్లు చేయించుకుంటే 2,000 డాలర్లు వస్తాయి. మీ విన్ నంబరు (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) డీలరు సర్వీసువాళ్ళకు చెప్పి ఈ రెండూ మీ బండికి వర్తిస్తాయో లేదో కనుక్కోండి. ఆ కౌంట్‌డౌన్‌కు కారణమైన సెన్సరు వారంటీలోనే ఉచితంగా పడిందనుకోండి, మీరు దానం ఆలోచనే మానుకోవచ్చు. ఆడి, ఫోక్స్‌వాగన్, పోర్షే మూడు లీటర్ల డీజిళ్ళ మీద కూడా ఇలాంటి సెటిల్‌మెంటే జరిగింది, అడిగి చూడండి.

ఒకవేళ మీరో, మీకంటే ముందు ఓనరో ‘డిలీట్’ చేయించి, అంటే డీపీఎఫ్, యాడ్‌బ్లూ తీసేయించి ఉంటే ఆ మాట సంస్థకు ముందే చెప్పాలి. క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం అవి తీసేయడం నిషిద్ధం. కొన్నిచోట్ల తీసుకోరు. చెప్పకుండా అంటగట్టడం సరికాదు.

ఎవరికి ఇవ్వకూడదు

మీకు తెలిసిన అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి వచ్చాడు, కారు లేదు, పాపం వాడికిచ్చేద్దాం అనిపిస్తుంది. వద్దు. ఒక నాక్స్ సెన్సరు ఖరీదు వాడి నెల అద్దె అంత ఉంటుంది. ప్రీమియం కారు కాబట్టి ఇన్సూరెన్సూ ఎక్కువే. మీ నెత్తిన ఉన్న భారం వాడి నెత్తికెక్కుతుంది, పైగా మీ మీద గౌరవంతో ఏమీ అనలేడు. వ్యక్తికి నేరుగా ఇస్తే అది బహుమతే తప్ప దానం కిందికి రాదు, డిడక్షన్ కూడా ఉండదు. పేద కుటుంబాలకు బండ్లు ఇప్పించే మంచి సంస్థలున్నాయి. మేరీలాండ్‌లోని వెహికల్స్ ఫర్ చేంజ్ 1999 నుంచి ఆ పనే చేస్తోంది. వాళ్ళు వచ్చిన బండ్లలో కుటుంబానికి పనికొచ్చేవి ఎంచి, బాగుచేసి ఇస్తారు, మిగతావి అమ్మి ఆ డబ్బు వాడతారు. మీ డీజిల్ బెంజి రెండో కుప్పలోకే వెళ్తుంది. తప్పేం లేదు.

డీజిల్‌కు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది: మీ ఊరి కమ్యూనిటీ కాలేజీలో ఆటోమోటివ్ ప్రోగ్రాం. యాడ్‌బ్లూ, టర్బో, కామన్ రైల్ అన్నీ ఒకే బండిలో ఉంటే పిల్లలకు విప్పి నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి? డీన్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. అన్ని కాలేజీలూ తీసుకోవు, చోటు సమస్య ఉంటుంది. తీసుకుంటే బండిని అమ్మకుండా తరగతుల్లో వాడతామని, దానమిచ్చిన బండికి సంస్థ ఇచ్చే పన్ను ఫారంలో (1098-సి) ధ్రువీకరిస్తారేమో కూడా అడగండి. సంస్థ తన అసలు పనికి బండిని గణనీయంగా వాడితే మార్కెట్ విలువ మొత్తం డిడక్షన్‌గా వేసుకునే వీలుంది. అయితే ఆ విలువ 5,000 దాటితే తగిన అర్హత ఉన్న అప్రైజరు చేత విలువ కట్టించాలి.

మన ఊళ్ళోని అనాథాశ్రమానికో, బడికో ఈ డబ్బు చేరాలని మీ కోరికైతే, ఇండియాలోని సంస్థకు నేరుగా పంపింది ఇక్కడి పన్నులో లెక్కకు రాదు. అలాంటి పనులు చేసే, అమెరికాలో నమోదైన సంస్థ ద్వారా వెళ్ళాలి. వాటిలో కొన్ని కార్లు కూడా తీసుకుంటాయి.

సంస్థను ఎంచుకోవడం

పబ్లిక్ రేడియో స్టేషన్లు, హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ, గుడ్‌విల్ లాంటివి కార్లు తీసుకుంటాయి. ఎక్కువ సంస్థలు ఈ పని సొంతంగా చేయవు. ఓ మధ్యవర్తి కంపెనీకి అప్పగిస్తాయి. వాళ్ళు టో ట్రక్కు పంపి, బండిని కోపార్ట్ లాంటి ఆక్షన్ యార్డుకు చేర్చి, అమ్మి, తమ వాటా పట్టుకుని మిగిలింది సంస్థకు ఇస్తారు. ఇందులో మోసమేమీ లేదు, కానీ వాటా ఎంతన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఫోన్ చేసినప్పుడు మొహమాటం లేకుండా మూడు అడగండి: అమ్మిన ధరలో చారిటీకి ఎంత చేరుతుంది? టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద కొనుగోలుదారుగా ఎవరి పేరు రాయాలి? 1098-సి ఫారం ఎవరు, ఎప్పుడు పంపుతారు? మొదటిదానికి నీళ్ళు నమిలితే వేరే సంస్థను చూసుకోండి.

అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో పన్ను మినహాయింపు ఉన్న సంస్థలను వెతికే పేజీ ఉంది. పేరు అక్కడ సరిచూసుకోండి. పేద్ద సంస్థ పేరును పోలిన పేర్లతో తిరిగేవీ ఉంటాయి కాబట్టి అక్షరం అక్షరం చూడండి. గుళ్ళు, చర్చిలు ఆ జాబితాలో కనిపించకపోయినా అర్హత ఉండొచ్చు, వాటికి విడిగా దరఖాస్తు చేసుకోవాల్సిన అవసరం లేదు. గుడికి ఇవ్వాలనుకుంటే ముందు మేనేజరును అడగండి. కారు తీసుకునే ఏర్పాటు లేకుండా పార్కింగులో వదిలేస్తే వాళ్ళకు మీరు పెట్టిన తలనొప్పే అవుతుంది.

టైటిల్: తొందరపడి సంతకం పెట్టొద్దు

జాప్యం ఎక్కువగా జరిగేది ఇక్కడే. టైటిల్ కాగితం వెతికి చేతిలో పెట్టుకున్నాకే సంస్థకు ఫోన్ చేయండి. లోను ఎప్పుడో తీరిపోయినా దాని మీద బ్యాంకు పేరు అలాగే ఉండి ఉండొచ్చు. అప్పుడు లోను తీరిందని బ్యాంకు ఇచ్చే లీన్ రిలీజ్ ఉత్తరం తెప్పించుకోవాలి. కాగితం పోతే బండ్లు రిజిస్టరు చేసే ఆఫీసు డీఎంవీలో డూప్లికేట్ తీసుకోవాలి.

టైటిల్ మీద ఇద్దరి పేర్లూ ఉంటే మధ్యలో ఏముందో చూడండి. ‘అండ్’ అని ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. మన పేర్లతో ఇంకో చిక్కు. వెంకట సత్య సూర్యనారాయణ లాంటి పేరు ఆ గడిలో పట్టక సగంలో తెగిపోతుంది, లేదా ఇంటిపేరు ముందుకొస్తుంది. టైటిల్ మీద ఎలా అచ్చయిందో అలాగే రాసి సంతకం పెట్టండి. లైసెన్సు మీద పేరు మరోలా ఉంటే, రెండు పేర్లూ ఒకరివేనని చెప్పే డీఎంవీ ఫారం మీ రాష్ట్రంలో ఉంటుంది, అడగండి.

అమ్మకందారు సంతకం పెట్టేసి, కొనేవారి గడి ఖాళీగా వదిలి ఇవ్వమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అలా ఇచ్చిన టైటిల్ చేతులు మారుతూ తిరుగుతుంది, బండి మాత్రం రికార్డుల్లో మీ పేరు మీదే ఉంటుంది. సంస్థ చెప్పిన పేరే అక్కడ రాయండి. ఒహాయో, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల్లో సంతకం నోటరీ ముందే పెట్టాలి. ఇంట్లోనే ముందుగా పెట్టేస్తే ఆ టైటిల్ పనికిరాకుండా పోతుంది. కొట్టివేతలు, వైట్నర్ పనికిరావు.

ఓడోమీటర్ అంకె రాసే గడి కూడా ఉంటుంది. 2011, ఆ తర్వాతి మోడళ్ళకు ఇరవై ఏళ్ళ దాకా ఈ అంకె రాయడం తప్పనిసరి. 2010, అంతకు ముందువాటికి మినహాయింపు ఉంది. బ్యాటరీ చచ్చిపోతే అంకె కనపడదు కాబట్టి, బండి ప్రాణంతో ఉన్నప్పుడే ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ఇండియాకు తిరిగి వెళ్ళిపోయి, బండి స్నేహితుడి ఇంట్లో వదిలేసినవాళ్ళ సంగతి: స్నేహితుడి పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. మీ రాష్ట్రం డీఎంవీ ఫారమే వాడండి, సొంతంగా రాసినవి తిప్పి పంపే అవకాశం ఎక్కువ. నోటరీ కావాలంటే హైదరాబాద్ నానక్‌రాంగూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని చేయించుకోవచ్చు, ఒక్కో ముద్రకు 50 డాలర్లు. ఆన్‌లైన్ నోటరీ మీ రాష్ట్రం డీఎంవీకి చెల్లుతుందంటే అదే తేలిక. వెళ్ళిపోయే ముందే ఇచ్చి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు కాబట్టి, ఈ వేసవిలో తిరిగి వెళ్ళే ప్లాన్ ఉన్నవాళ్ళు బండిని చివరి వారానికి వాయిదా వేయకండి.

బండి ఖాళీ చేయడం, టో రోజు

టోల్ ట్యాగు మొదట పీకేయండి. ఈజీపాస్ కానీ ఫాస్ట్రాక్ కానీ అద్దానికి అంటుకుని ఉంటే, టో ట్రక్కు మీద వెళ్తూ కూడా మీ అకౌంటుకు టోల్ పడుతుంది. గరాజ్ తలుపు తెరిచే బటన్లలో మీ ఇంటి కోడ్ ఉంటుంది, అది చెరిపేయాలి. ఫోన్ కాంటాక్టులు, నావిగేషన్‌లో ‘హోం’ అని పెట్టుకున్న అడ్రసు తీసేయాలి. గ్లవ్‌బాక్సులో పాత రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కార్డులు, సీటు కింద పిల్లల బొమ్మలు, వెనక డిక్కీలో స్పేర్ టైరు దగ్గర గొడుగు, పట్టుచీర డ్రైక్లీనింగ్ రసీదు, ఏవైనా ఉండొచ్చు. డ్యాష్‌బోర్డు మీద వినాయకుణ్ణి తీసుకుని లోపల పెట్టుకోండి. మిగిలిన యాడ్‌బ్లూ డబ్బా, రెండో తాళంచెవి, సర్వీసు రికార్డులు బండితోపాటే ఇవ్వండి. డీజిల్ కొనేవాడు రికార్డులు చూసే ధర పెడతాడు.

టో ట్రక్కు బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు చెప్పకపోతే వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోతాడు. మొదటిది, ఇది ఆల్ వీల్ డ్రైవ్, ఫ్లాట్‌బెడ్ కావాలి. రెండోది, ఎయిర్ సస్పెన్షన్. నెలల తరబడి నిలిపిన జీఎల్ గాలి కారిపోయి, టైర్లు ఫెండర్లలోకి దిగిపోయి, పొట్ట నేలకానుకుని కూర్చుంటుంది. మామూలుగా గొలుసు తగిలించి లాగితే ముందు బంపరు ఊడి చేతికొస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అయితే ఓ పావుగంట నడవనిచ్చి బండి పైకి లేస్తుందేమో చూడండి. లేవకపోతే టైర్ల కింద పెట్టే స్కేట్లు తెమ్మని డ్రైవరుకు ముందే చెప్పాలి. మూడోది, బ్యాటరీ. ఈ బండ్లలో గేరు మార్చేది ఎలక్ట్రానిక్ పద్ధతి. కరెంటు లేకపోతే పార్కింగ్ నుంచి న్యూట్రల్‌కు రాదు. జంప్ ఇవ్వడానికి ఒక ప్యాక్ దగ్గర ఉంచుకోండి. వీధిలో పార్కింగ్ అయితే ముందు రోజు రాత్రే ముందూ వెనకా ఖాళీ ఉండేలా చూసుకోండి.

డ్రైవరు టైటిల్ అడిగితే ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి. అతనిచ్చే రసీదు మీద విన్ నంబరు, తేదీ, సంస్థ పేరు ఉన్నాయో లేదో అక్కడే చదవండి. అది తీసుకెళ్ళినట్టు రుజువు మాత్రమే, టాక్సుకు కావాల్సిన ఫారం కాదు.

నంబరు ప్లేట్లు, ఇన్సూరెన్సు

రాష్ట్రానికో పద్ధతి. కాలిఫోర్నియాలో మామూలు ప్లేట్లు బండితోనే పోతాయి, అయిదు రోజుల్లోపు రిలీజ్ ఆఫ్ లయబిలిటీ, అంటే బండి ఇక మీది కాదనే నోటీసు, ఆన్‌లైన్‌లో పంపాలి. టెక్సస్‌లో 30 రోజుల్లోపు బదిలీ నోటీసు ఇవ్వాలి. న్యూజెర్సీ, న్యూయార్క్ అయితే ప్లేట్లు తిరిగి అప్పగించాలి. న్యూయార్క్‌లో ప్లేట్లు అప్పగించకుండా ఇన్సూరెన్సు ఆపేస్తే లైసెన్సు మీదికే వస్తుంది. ఎక్కడైనా సరే, బండి వెళ్ళిపోయి, బదిలీ నోటీసు పంపిన నిర్ధారణ చేతికొచ్చాకే ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేయండి. నాలుగు రోజుల ప్రీమియం మిగుల్చుకోవాలని తొందరపడొద్దు.

ఫారాలు

బండి అమ్ముడుపోయిన 30 రోజుల్లోపు సంస్థ మీకు 1098-సి పంపాలి. అందులో 4సి గడిలో ఉన్న అంకే మీరు వేసుకోదగ్గ డిడక్షన్. విన్ నంబరు, మీ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు సరిగా ఉన్నాయో చూసుకోండి. డిడక్షన్ 500 దాటితే ఈ ఫారం కాపీ బి, దానితోపాటు నగదు కాని విరాళాల ఫారం 8283 రిటర్నుకు జత చేయాలి. 500 దాటకపోతే సంస్థ ఇచ్చే రాతపూర్వక రసీదు మీ దగ్గర ఉంటే చాలు.

ఏ సంవత్సరం లెక్క? బండి చేతులు మారిన రోజు ఏ సంవత్సరమో ఆ సంవత్సరమే. డిసెంబరు 28న టో ట్రక్కు తీసుకెళ్ళి, ఫిబ్రవరిలో ఆక్షన్ జరిగినా అది పాత సంవత్సరం దానమే. కాకపోతే ఫారం మార్చిలో గానీ రాదు. డిసెంబరు ఆఖరి వారంలో టో కంపెనీలకు ఊపిరాడదు, క్రిస్మస్ ముందే బుక్ చేసుకోండి. ఏప్రిల్ 15 దగ్గర పడుతున్నా ఫారం రాకపోతే 4868 ఫారంతో గడువు పెంచుకోవచ్చు, లేదా ఆ డిడక్షన్ లేకుండా ఫైల్ చేసి తర్వాత సవరించుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్ ఫైలింగుకే గానీ కట్టాల్సిన పన్నుకు కాదన్నది మీకు తెలిసిందే. టాక్స్ చేసిపెట్టేవాళ్ళకు ఫారం పంపకుండా ‘కారు ఇచ్చాను, 4,500 వేయండి’ అని మెసేజ్ పెడితే, వేసినా నిలబడదు.

రిటర్ను, ఫారం, టో రసీదు, టైటిల్ ఫొటో, బదిలీ నోటీసు నిర్ధారణ ఒకే ఫోల్డరులో కనీసం మూడేళ్ళు ఉంచండి. ఆరు నెలల తర్వాత ఎక్కడో తెలియని ఊళ్ళో మీ పాత బండికి పడిన పార్కింగ్ టికెట్టు మీ ఇంటికొస్తే, ఆ నిర్ధారణ కాపీ జతచేసి టికెట్టు వెనక ఉన్న అడ్రసుకు పంపితే సరిపోతుంది.